ఇంటి మాట, బడి మాట: పసిపిల్లల తరగతిలో పలు భాషల కుటుంబములు

ఈ పాఠము ముఖ్యముగా పసిపిల్లల తరగతులు నడుపువారికి, సండే స్కూలు టీచర్లకు, ఇంట్లో మూడు నుండి ఆరేండ్ల బిడ్డలున్న తల్లిదండ్రులకు, వారి అవ్వతాతలకు ఉద్దేశించినది. మేము ఉపాధ్యాయ శిక్షణ పొంది ముప్పయి ఏండ్లకు పైగా చిన్న తరగతులకే పాఠములు చెప్పినవారము. పదవీ విరమణ తరువాత కాట్పాడిలో మన సంఘము నడుపు బాలబడిలో ఉదయము రెండు గంటలు కూర్చొనుచున్నాము. ఇక్కడ వ్రాయునది శిక్షణలో చదివినది కొంత, చేయి కాల్చుకొని నేర్చుకొన్నది ఎక్కువ.

మొదట ఒక చిన్న సంగతి. మన సంఘస్థుల పాప, నాలుగేండ్లది, కొన్నేండ్ల క్రితము ఊరిలోని ఒక బడిలో ఎల్.కే.జీ.లో చేరింది. తండ్రి రైల్వేలో పని, గూడూరు నుండి బదిలీ మీద వచ్చాడు. ఇంట్లో తెలుగు తప్ప మరొక మాట లేదు. టీచరమ్మ తిరునెల్వేలి వైపు నుండి కొత్తగా వచ్చిన ఆమె. కాట్పాడిలో పుట్టి పెరిగినవారైతే ఎంతో కొంత తెలుగు అర్థము చేసుకొందురు గాని, ఆమెకు ఒక్క ముక్క తెలియదు. పాపకు దాహము వేసి "నీళ్లు, నీళ్లు" అన్నది. తమిళములో నిల్లు అంటే నిలబడు. ఎవరిని నిలబడమంటున్నది ఈ పిల్ల అని ఆమెకు విసుగు వచ్చింది, "ఉక్కారు" అని కూర్చోబెట్టింది. పాప ఏడ్చి "ఇల్లు, ఇల్లు" అన్నది. తమిళ చెవికి అది ఇల్ల, అనగా లేదు, కాదు. ఏమి చెప్పినా కాదంటున్నదని మొండిపిల్ల అన్న పేరు పడిపోయింది. వారము తిరగకముందే ఆ బిడ్డకు బడి అంటే కడుపునొప్పి. తల్లి ప్రార్థన కూటములో ఏడ్చి చెప్పితే అందరము ఆ బడిని తిట్టుకొన్నాము. "మన భాష అంటే వీళ్లకు లెక్క లేదు" అని ఒక పెద్దాయన అన్నాడు, మేము తల ఊపినాము. అలా తల ఊపిన మేమే తరువాత ఏమి చేసినామో కొంచెము ఆగి చెప్పెదము.

మనమున్న చోటు సంగతి ముందు తెలియవలెను. కాట్పాడి తమిళ దేశమే అయినను, తెలుగు ఇక్కడికి నిన్న మొన్న రైలు దిగి వచ్చినది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. వేలూరు, గుడియాత్తము, చిత్తూరు, పలమనేరు ఒకే కలెక్టరు క్రింద ఉండినవి. ఆ తరువాత గీత గీసినారు. 1960లో సరిహద్దు సర్దుబాటు జరిగి తిరుత్తణి వంటి చోట్లు మద్రాసు రాష్ట్రమునకు వచ్చినవి. ఇప్పటికిని కాట్పాడి జంక్షనులో ఒక వైపు రైలెక్కితే చిత్తూరు, పాకాల, తిరుపతి. మరొక వైపు ఎక్కితే జోలార్‌పేట, బెంగుళూరు. గుడియాత్తము నుండి పరదరామి దాటితే చాలు, అంగడి బోర్డులు తెలుగులోకి మారిపోవును. గీత కాగితము మీద ఉన్నది గాని వంటింటిలో లేదు. గుడియాత్తములో మగ్గము మీద లుంగీలు నేయు తెలుగు ఇండ్లు తరతరములుగా ఉన్నవి. ఆ ఊరిలోనే, పేర్ణాంబట్టులో, ఆంబూరులో, వాణియంబాడిలో ఉర్దూ మాట్లాడు ముస్లిము కుటుంబములు ఎన్నో. 1900లో ఐడా స్కడ్డరు దొరసానమ్మ ఒక మంచముతో మొదలుపెట్టిన వేలూరు ఆసుపత్రికి నేడు బెంగాలు నుండి, జార్ఖండు నుండి, ఈశాన్య రాష్ట్రముల నుండి, బంగ్లాదేశము నుండి రోగులు వచ్చి నెలల తరబడి లాడ్జీలలో ఉందురు. వారి వెంట పసిబిడ్డలును వచ్చెదరు. 1984లో కాట్పాడిలో మొదలైన ఇంజనీరింగు కళాశాల ఇప్పుడు పెద్ద విశ్వవిద్యాలయము. అందులో పని చేయువారు ఏ రాష్ట్రము నుండి రాలేదని అడుగవలెను.

ఇటువంటి చోట పసిపిల్లల తరగతి అంటే, ఇరవై మంది బిడ్డలలో నాలుగు ఇంటి భాషలు ఉండుట వింత కాదు. మన బాలబడిలో ఒక ఏడు తెలుగు, తమిళము, ఉర్దూ, బెంగాలీ నాలుగును ఉండినవి. తెలుగు బిడ్డలలోనే నెల్లూరు మాట ఒకటి, చిత్తూరు మాట ఒకటి. అమ్మ తల్లిని ఒకరు అమ్మమ్మ అందురు, ఒకరు అవ్వ అందురు, ఒకరు జేజి అందురు. "మీ అమ్మమ్మ పేరేమి" అని అడిగితే నోరు తెరుచుకొని చూచిన చిత్తూరు బిడ్డను మేమెరుగుదుము.

ఇప్పుడు మా తప్పు సంగతి. ఆ బెంగాలీ బిడ్డకు నాలుగేండ్లు. తాతగారి వైద్యము నిమిత్తము కుటుంబమంతయు వచ్చి లాడ్జీలో ఉన్నారు. వైద్యము ఏడు నెలలు పట్టునని తెలిసి, పిల్లవాడు గదిలో మగ్గిపోవుచున్నాడని మన బాలబడిలో చేర్చినారు. వచ్చిన నాటి నుండి ఒక్క మాట లేదు. మూలన కూర్చొనుట, అందరిని చూచుట. పాటకు పెదవి కదపడు. పేరు పిలిస్తే తిరుగును, అంతే. నెల అయింది, రెండు నెలలు అయినవి. మా నోటుబుక్కులో ప్రతి బిడ్డకు ఒక పేజీ ఉన్నది. ఆ బిడ్డ పేజీలో "గ్రహింపు తక్కువ" అని మా చేతితో వ్రాసినాము. శిక్షణ పొందినవారము, ముప్పయి ఏండ్ల అనుభవము! అక్కడితో ఆగక తండ్రిని పిలిచి, చెవి పరీక్ష చేయించండి అని వచ్చీరాని హిందీలో చెప్పినాము. తండ్రి వైద్యమునకు తెచ్చిన అప్పు డబ్బులోనే పరీక్ష చేయించినాడు. చెవులు రెండును బాగున్నవి.

మూడవ నెలలో ఒకనాడు తల్లి వచ్చింది. అంతకు ముందు ఆమె ముఖము మేము చూడలేదు. పిలువనూ లేదు. రాతి మెట్టు మీద కూర్చొని ఫోనులో ఒక చిన్న చిత్రము చూపింది. లాడ్జీ గదిలో పిల్లవాడు చెప్పులన్నిటిని వరుసగా పేర్చి, దువ్వెన చేతపట్టి, ఆ చెప్పులకు పాఠము చెప్పుచున్నాడు. తెలుగులో! "కూర్చో. చేతులు కట్టుకో. మాట్లాడొద్దు. ఎవరు వాడు?" అన్నది మా గొంతు, మా యాస. ఈ మాటలకు అర్థమేమి అని ఆ తల్లి అడిగింది. ఒక్కొక్కటిగా చెప్పవలసి వచ్చింది. ఆ బిడ్డ మూడు నెలలలో నేర్చుకొన్న తెలుగంతయు మా గద్దింపులే. ఆమె నవ్వింది గాని, మేము నవ్వలేకపోయినాము.

కొత్త భాష మధ్య పడిన చిన్నబిడ్డ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు నోరు విప్పకపోవుట సహజము. పసిపిల్లల విద్య చదివినవారు దీనిని మౌనకాలము అందురు. ఆ కాలములో బిడ్డ ఖాళీగా లేడు. వినుచున్నాడు, ఏ మాటకు ఎవరు లేచినారో, ఏ మాటకు ఎవరు నవ్వినారో జత కలుపుకొనుచున్నాడు. నిజమైన లోపమున్న బిడ్డకును ఈ బిడ్డకును తేడా తెలుసుకొనుటకు ఒక్కటే దారి, ఇంటిలో మాట్లాడుచున్నాడా అని తల్లిని అడుగుట. తన ఇంటి భాషలో వయసుకు తగినట్లు మాట్లాడు బిడ్డకు బుద్ధి లోపము లేదు, మన ఓపికకే లోపము. ఇంటిలోను మాట లేకుంటే, పిలుపుకు తిరుగకుంటే, అప్పుడు ఆసుపత్రికి పంపవలెను, అందులో ఆలస్యము చేయరాదు. ఈ ఒక్క ప్రశ్న మేము మొదటి వారములోనే అడిగి ఉంటే ఆ తండ్రికి ఖర్చు, ఆ తల్లికి మూడు రాత్రుల దిగులు తప్పెడివి. రైల్వే పాప విషయములో మేము ఇంకొకరి బడిని తిట్టినది దీనికే. మన చాప మీద కూర్చున్న పరాయి బిడ్డకు మనమును అదే చేసినాము.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో మొదటి సంఘములో పుట్టిన సణుగు గుర్తున్నదా? గ్రీకు మాట్లాడు విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూచినారని. పెద్దలు ఆ సణుగును కొట్టివేయలేదు. పని పంచుటకు ఏడుగురిని ఏర్పరచినారు, ఆ ఏడుగురి పేర్లు గ్రీకు పేర్లే. ఎవరికి లోటు జరిగినదో వారి భాష తెలిసినవారి చేతికే గరిటె ఇచ్చినారని మేము అర్థము చేసుకొంటిమి. మన బాలబడిలో ఆయమ్మను పెట్టుకొనునప్పుడు ఈ సంగతి తలచుకొని ఉర్దూ, తమిళము రెండును వచ్చిన ఆమెను పెట్టుకొన్నాము. జీతము అంతే, మేలు మాత్రము పదింతలు.

ఇక పని సంగతి. బిడ్డను చేర్చుకొను రోజున ఫారము నింపుటకు ముందు తల్లితోనో, అవ్వతోనో పావుగంట కూర్చొని మాట్లాడవలెను. తండ్రి ఆఫీసు, జీతము అడుగుటకు కాదు. బిడ్డను ఇంట్లో ఏ పేరుతో పిలుచుదురు? నిద్రపుచ్చునది ఎవరు? ఏమి తినడు? భయపడితే ఏమి చేయును? దాహము, ఆకలి, ఒంటికి, నొప్పి, ఇంటికి పోదాము అను ఐదింటికి బిడ్డ వాడు మాట ఏది? ఈ ఐదు మాటలు ఒక అట్ట మీద తెలుగు లిపిలోనే వ్రాసి గోడకు తగిలించండి. బిడ్డ నోట వచ్చు మాటే వ్రాయండి, నిఘంటువు మాట వద్దు. మా గోడ మీద ఉన్నవి కొన్ని చెప్పెదము. నీళ్లకు తమిళ బిడ్డ తణ్ణి, ఉర్దూ బిడ్డ పానీ, ఆ బెంగాలీ బిడ్డ జొల్ అనును. జొల్ అంటే మన జలమే గదా! ఆకలికి తమిళములో పసి. మనకు పసిబిడ్డ అంటే లేతబిడ్డ, వారికి పసి అంటే ఆకలి. "పసిక్కుదు" అని బిడ్డ ఏడ్చుచుండగా మన కొత్త టీచరు "అవునమ్మా, నువ్వు పసిదానివే" అని బుజ్జగించినది మా కండ్లారా చూచినాము.

పేరు విషయములో చాలా జాగ్రత్త కావలెను, ఇది పెద్దయ్యాక కోర్టు మెట్ల వరకు పోవు సంగతి. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియలు. బెంగాలీలకు ఇంటిపేరు చివర. ముస్లిములలో అనేకులకు ఇంటిపేరన్నదే ఉండదు. చేర్చుకొనువారు తమకు అలవాటైన ప్రకారము వ్రాసివేయుదురు. మేమెరిగిన ఒక ఇంటిలో పెద్దవాడు నెల్లూరులో చేరినాడు గనుక ఇంటిపేరు అక్షరముతో ఉన్నాడు, చిన్నది ఇక్కడ చేరినది గనుక తండ్రి పేరు అక్షరముతో ఉన్నది. కాగితము ప్రకారము వారిద్దరు అన్నాచెల్లెండ్లే కారు. పాసుపోర్టు సమయమున ఆ తండ్రి తిరిగిన తిరుగుడు చూచినవారికి తెలియును. కనుక పుట్టిన సర్టిఫికెట్టులో ఏమున్నదో చూచి, అదే అక్షరము పొల్లుపోకుండ వ్రాయండి, అనుమానముంటే తండ్రిని అడిగి మరునాడు వ్రాయండి. నోటితో పిలుచునప్పుడు బిడ్డ పేరును మన నోటికి వీలైనట్లు విరువరాదు. ఆ పేరును తల్లి చేత మూడుసార్లు అనిపించుకొని మనమును మూడుసార్లు అనవలెను. నాలుగేండ్ల బిడ్డకు సొంత ఆస్తి అంటూ ఉన్నది ఆ పేరొక్కటే.

తల్లిదండ్రులు అడుగు పెద్ద ప్రశ్న ఇది: "అయ్యా, బడిలో తమిళము, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు ఆపివేయమంటారా?" కొన్ని బడులలో అట్లే చెప్పుచున్నారు, ఇంట్లోను ఇంగ్లీషే మాట్లాడండి అని. చదువుకొన్న తల్లులు సహితము ఆ మాట నమ్మి, బిడ్డతో వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలలోనే బ్రతుకుచున్నారు. "కమ్, ఈట్, స్లీప్" అంతకు మించి లేదు. తెలుగులో అయితే ఆ తల్లి ఒక ముద్ద తినిపించునంతలో చందమామను, ఎలుకను, ఊరిని, పొలమును తెచ్చి బిడ్డ ముందు పెట్టగలదు. ఆ సంపదంతయు మూసివేసి నాలుగు ముక్కలు చేతిలో పెట్టుచున్నాము. కెనడాలో వలస కుటుంబముల బిడ్డలను గూర్చి జిమ్ కమిన్స్ అను విద్యావేత్త ఎన్నో ఏండ్లు పని చేసి చెప్పినది ఏమనగా, మొదటి భాషలో గట్టిపడిన ఆలోచన రెండవ భాషకు సాగివచ్చును, మొదటిది విరిగితే రెండవదానికి ఆధారము పోవును. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో 1953లోనే బిడ్డ చదువు తల్లిభాషలో మొదలు కావలెనని ప్రకటించింది. మన రాజ్యాంగములో 1956లో చేర్చిన 350ఎ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య తల్లిభాషలో అందించుటకు ఏర్పాట్లు చేయమనుచున్నది. 2020 నాటి జాతీయ విద్యా విధానమును, మూడు నుండి ఎనిమిదేండ్ల బిడ్డల కొరకు 2022లో వచ్చిన పాఠ్య ప్రణాళికా చట్రమును ఇదే మాట పలుకుచున్నవి.

అయితే కాగితము మీది మాట వేరు, కాట్పాడిలో మన బిడ్డ చేరు బడి వేరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ప్రకారము ఆ విద్యా సంవత్సరములో ఒకటవ తరగతి నుండి మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున తమిళము తప్పనిసరి పాఠముగా పైకి వచ్చింది. భాషా అల్పసంఖ్యాకులు దానిపై కోర్టులకు వెళ్లిన సంగతి మీరెరిగినదే. ఆ వాదములో మాకొక అభిప్రాయమున్నది గాని ఇక్కడ చెప్పుట అనవసరము. ఈ ఊరిలో పెరుగు బిడ్డకు తమిళము బాగా రావలెను, అందులో మాకు సందేహము లేదు. ఆటకు, అంగడికి, స్నేహమునకు, రేపటి ఉద్యోగమునకు అది కావలెను. ఇరుగుపొరుగు తమిళ బిడ్డలతో ఆడుకోనివ్వండి, పుస్తకము కంటె వేగముగా వచ్చును. తెలుగు మాట్లాడించు బాధ్యత ఇంటిది. తెలుగు చదివించు బాధ్యతలో కొంత సంఘము తీసుకొనవలెను. అక్షరములు రెండును ఒకేసారి రుద్దవద్దు. తమిళములో క, గ లకు ఒకే అక్షరము, మనకు నాలుగు: క, ఖ, గ, ఘ. ఐదేండ్ల బిడ్డ చేత రెండు పలకల మీద రెండు లిపులు దిద్దించితే రెంటి మీద విరక్తి పుట్టును. మాట ముందు, కథ ముందు. బడిలో తమిళ అక్షరములు కుదుటపడిన తరువాత, ఆరేడేండ్లకు తెలుగు అక్షరములు మొదలుపెట్టితే ఆరు నెలలలో పట్టుకొందురు, చూచి చెప్పుచున్నాము.

తమిళ సంబంధములు చేసుకొన్న కుటుంబములు మన సంఘములో ఇప్పుడు తక్కువేమి కాదు. నెహెమ్యా పదమూడవ అధ్యాయములో సగము అష్డోదు భాష మాట్లాడు బిడ్డల ప్రస్తావన చూపి ఆ కుటుంబములను నొప్పించు పెద్దలున్నారు. అది సరికాదని మా నిశ్చయము. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు. అవ్వ లోయి, తల్లి యునీకే ఆ బిడ్డను పసితనము నుండి పెంచిన తీరు పౌలు తలచుకొన్నాడు గాని, ఆ ఇంటిని కించపరచలేదు. రెండు భాషల ఇంటిలో ఒక సులువు పద్ధతి ఉన్నది. తల్లి తన భాషలోనే, తండ్రి తన భాషలోనే బిడ్డతో మాట్లాడవలెను. బిడ్డ కొన్నాళ్లు కలగాపులగము చేయును. "నాకు తణ్ణి కావాలి" అనును. నవ్వవద్దు, తప్పు పట్టవద్దు. "నీళ్లు కావాలా, ఇదిగో నీళ్లు" అని మన మాట మనము అనిన చాలును.

తరగతిలో ఏమి చేయించవలెను అను టీచర్లకు ఒకటి రెండు. తమిళుల నోటి లెక్క ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు. చూడండి, రెండు వారికిని రెండే, మనకును రెండే! మేము లెక్కలు ఒకటితో మొదలుపెట్టము. రెండుతో మొదలుపెట్టుదుము. రెండు కండ్లు, రెండు చేతులు, రెండు చెప్పులు. అన్న, అక్క, మామ, తాత రెండు భాషలలోను ఒకటే గనుక కుటుంబము పాఠము వీటితోనే సాగును. ముగ్గును వారు కోలము అందురు. చుక్కలు పెట్టి కలుపుటలో బిడ్డ వ్రేళ్లు బలపమునకు సిద్ధపడును, ఏ ఇంటి తల్లియైనను వచ్చి నేర్పగలదు. వామనగుంటలు వారి పల్లాంగుళి. చింతగింజలు పెట్టి గుంటలలో పంచుచుండగా కూడిక, తీసివేత నోటికి వచ్చివేయును. బజారులో కొన్న ప్లాస్టికు బొమ్మల కంటె ఇవి మేలు, ఖర్చును లేదు.

తిండి దగ్గర తగవులు పుట్టును గనుక ఒక మాట. చిత్తూరువారి రాగి సంగటి, తమిళుల కేళ్వరగు కళి దాదాపు ఒకటే. ఇది తెలియక "వాడు నల్ల ముద్ద తెచ్చినాడు" అని ఒక బిడ్డను మిగిలినవారు వెలివేసిరి. మరునాడు అందరికిని అదే వండించి పెట్టినాము, గోల సమసిపోయింది. ఈ రాష్ట్రములో 1982 జూలైలో ఎం.జి.ఆర్. ప్రభుత్వము పౌష్టికాహార పథకము మొదలుపెట్టినప్పటి నుండి పిల్లలకు బడిలో అన్నము పెట్టుట అలవాటైన పని. అయినను ఎవరు గుడ్డు తినరు, ఎవరు మాంసము తినరు, ఎవరికి ఏ మాంసము నిషేధము అన్నది మొదటి రోజే అడిగి వ్రాసుకొనవలెను. గుడియాత్తములో మే నెలలో గెంగమ్మ శిరస్సు పండుగ వచ్చునప్పుడు, రంజానులో, పొంగలుకు ఎవరు రారో ముందే తెలిసియుండవలెను. రాని బిడ్డను మరునాడు అందరి యెదుట ప్రశ్నించరాదు. మనది బాప్టిస్టు సంఘము. విశ్వాసము ఎవరికి వారు తెలివి వచ్చిన తరువాత ఒప్పుకొనవలసినదని నమ్మి, పసిబిడ్డలకు బాప్తిస్మము ఇయ్యనివారము. మన బిడ్డలనే తొందరపెట్టనివారము ఇతరుల బిడ్డలను తొందరపెట్టుట ఏమి న్యాయము? మన బాలబడిలో ప్రార్థన, పాట ఉండునని చేరు రోజే తల్లిదండ్రులకు చెప్పుదుము. ఇష్టము లేనివారి బిడ్డ ఆ పది నిమిషములు ఆయమ్మ దగ్గర ముగ్గు వేయును. ఇంతవరకు ఎవరును మానిపించలేదు.

తల్లిదండ్రుల కూటము పెట్టితే రారని టీచర్లు వాపోవుదురు. ఎప్పుడు పెట్టుచున్నాము? పగలు పదకొండు గంటలకు. గుడియాత్తములో బీడీలు చుట్టు తల్లికి చేతిలోని కట్ట పూర్తి కాకుంటే ఆ పూట కూలి లేదు. మగ్గము మీద కూర్చున్న తండ్రి నడుమ లేవలేడు. రైల్వేలో రాత్రి డ్యూటీ దిగినవాడు పగలు నిద్రపోవును. వారు రారని నిందించుట కంటె మనము పోవుట మేలు. మేము గుడియాత్తములో ఒక నేత ఇంటికి పోయినప్పుడు, తరగతిలో రంగుల పేర్లు చెప్పలేని బిడ్డ మగ్గము గుంత పక్కన కూర్చొని నాన్నకు ఏ కండె కావలెనో ఆ రంగు కండె అందించుచున్నది. పేరు తెలుగులో చెప్పుచున్నది, ఒకటికి తప్పు లేదు. బడిలో అడిగినది ఇంగ్లీషు పేర్లు. ఆ పిల్లకు రంగులు రావని అక్కడి టీచరు వ్రాసినది. ఆ ఇంటి గడపలో పావుగంట నిలబడితే ఆ వ్రాత వ్రాసెడివారు కారు.

ఇంటికి పోయినప్పుడు మంచినీళ్లు ఇస్తే త్రాగండి. ఎవరి ఇంట త్రాగుదురో, ఎవరి ఇంట త్రాగరో బిడ్డలు గమనింతురు. మన ఊర్లలో ఈ సంగతి ఎంత లోతుగా పోవునో విడమరచి చెప్పనక్కరలేదు.

జూన్‌లో బాలబడులు తెరచునప్పుడు మొదటి పది రోజులు తల్లినో, అవ్వనో లోపలనే కూర్చోనియ్యండి. బిడ్డను గుంజి తలుపు వేయు పద్ధతి మానండి. తొలినాడు గంటసేపు, మరునాడు కొంచెము తక్కువ, అట్లా వారంతట వారే బయటి మెట్టు వరకు జరుగుదురు. మన దగ్గర ఒక తమిళ పాటి, ఒక ఉర్దూ నానీ, మన చిత్తూరు అవ్వ ముగ్గురు ఆ పది రోజులలో ఒకే చాప మీద కూర్చొని, ఒకరి మాట ఒకరికి సగము తెలిసీ తెలియక, బియ్యము ధరలు మొదలుకొని కోడండ్ర వరకు మాట్లాడుకొన్నారు. నాలుగవ నాటికి బిడ్డలు వారి చుట్టు చేరి కథలు అడుగసాగిరి. ఎవరి భాషలో చెప్పినా అందరు విన్నారు. ఇప్పుడు ప్రతి శుక్రవారము ఒక అవ్వకు కథ వంతు ఇచ్చినాము. వారికి కుర్చీలు వేయవద్దు, బిడ్డలు ఒడిలోకి ఎక్కలేరు. చాపలు రెండు చాలవు, నాలుగు కొనండి.